గేరు నాబ్‌కు సలాం

మా ఇద్రీస్ మామ ఏ వస్తువు కొన్నా ముందు దానితో చెయ్యి కలుపుతాడు.

మాట వరసకు అనడం లేదు. నిజంగానే కలుపుతాడు. చీపురు కొనాలంటే చీపురుతో, గొడుగు కొనాలంటే గొడుగుతో, దోసె పెనం కొనాలంటే దాని కాడతో. ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషే అన్నంత మర్యాదగా ముందుకు వంగుతాడు. వేళ్లను సగానికి మడిచి, వస్తువును మెత్తగా అందుకుని, కళ్లు మూసుకుంటాడు. అంగట్లో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. బయట బస్సులు జనాన్ని కొండకు మోసుకుపోతూ ఉంటాయి. మామ మాత్రం ఆ చీపురు ఏదో రహస్యం చెబుతున్నట్టు వింటూ ఉంటాడు. నచ్చితే కొంటాడు. నచ్చకపోతే తీసిన చోటే పడుకోబెట్టి, ఏమనుకోవద్దు తల్లీ అన్నట్టు ఒకసారి నిమిరి వస్తాడు.

ఆయనకు తిరుపతిలో పరుపులు, దిండ్ల అంగడి ఉంది. పొద్దస్తమానం దూదిలో ఉంటాడు గనక గడ్డం ఎక్కడ ముగుస్తుందో, దూది ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. గాలి వీస్తే ఆయన అంచులు కాస్త కాస్త ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. మనిషి మాత్రం భారీ. చేతులు ఊరగాయ జాడీ మూతలంత ఉంటాయి. అంత చేతులున్న మనిషి, చంటిబిడ్డ పిడికిలి పట్టుకున్నట్టు గరిటె పట్టుకోవడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మాది ఎదురిల్లు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన మామ, ఆయన భార్య మెహరాజ్ బేగం అత్త. కాబట్టి నవ్వే హక్కు అందరికంటే నాకే ఎక్కువ.

ఒకసారి మా అమ్మ శకుంతలమ్మ కుక్కర్ కొనడానికి ఆయన్ను తోడు తీసుకుపోయింది. మామ అంగట్లో ఉన్న కుక్కర్లన్నిటితోనూ వరసగా చెయ్యి కలుపుతూ పోయాడట. "ఎలక్షన్లో నిలబడినోడు వీధిలోకి వచ్చినట్టుండాది రా" అని అమ్మ ఇంటికొచ్చి తల కొట్టుకుంది. చివరికి ఒకదాన్ని ఎంచి ఆమె చేతికిచ్చాడు.

"ఇద్రీసన్నా, దీని పిడి నా చేతికి శానా చిన్నదిగా ఉండాదే?"

మామ నాలిక కరుచుకున్నాడు. "అవును కదా! కొనేది నీకు కదా!"

మరి ఎవరికనుకున్నాడో అమ్మకు తట్టలేదు. ఇంటికొచ్చి చెబితే నాకూ తట్టలేదు. "ఆయప్పకు అంతే. ఆ ఇంట్లో సామాన్లన్నీ బొమ్మరింటి సామాన్ల మాదిరి ఉంటాయి" అని తేల్చేసింది.

ఇట్లాంటి మనిషి కారుకు గేరు నాబ్ ఊడిపోయింది.

ఆ కారు పేరు చిలక. పాతది, చిన్నది. కొన్న నెలలోనే మామ దానికి చిలకపచ్చ రంగు కొట్టించాడు. ఎండలో నిలబెడితే కొమ్మ మీంచి దిగి వచ్చి, తిరిగి ఎగరడం మరిచిపోయిన పక్షిలా ఉంటుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర రెండో గేరు నుంచి మూడో గేరుకు మారుస్తుండగా నాబ్ కాస్తా మామ చేతిలోకి వచ్చేసింది. పక్కన నేనే ఉన్నాను. ఏళ్ల తరబడి ఆ పెద్ద చేతిలో నలిగి, నలుపంతా పోయి గోధుమ రంగుకు తిరిగి, గుండ్రంగా నిగనిగలాడుతున్న నాబ్. చిలక నడిరోడ్డు మీద ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ విసవిసా వచ్చాడు. మామ జరిగింది చూపిద్దామని కిటికీలోంచి చెయ్యి చాపాడు.

కానిస్టేబుల్ ఆ అరచేతిలో గుండ్రటిదాన్ని చూశాడు. ఊరేమో తిరుపతి. కోపం ఎటు పోయిందో పోయింది. రెండు చేతులా అందుకుని, భక్తిగా కళ్లకద్దుకుని, నోటిదాకా తీసుకుపోయి అప్పుడు ఆగాడు.

"ఇదేంది భాయ్?"

"గేరు నాబ్ సార్."

"లడ్డు అనుకుంటి కదయ్యా!"

"పరవాలేదు సార్. కళ్లకద్దుకున్నారు కదా, ఇప్పుడన్నా బండి కదలతాదేమో సూస్తా."

కదిలింది. అయితే నాబ్ లోపలి మర పూర్తిగా అరిగిపోయింది. ఇక అది మళ్లీ ఎక్కదని తేలిపోయింది. జుట్టు లేని తల తిరుపతిలో వింత కాదు గానీ, తలే లేని గేరు రాడ్డు మా చిలకకు మాత్రమే ఉంది.

సమయం కూడా మంచిది కాదు. చిత్తూరులో గుల్నాజ్ పెళ్లి దగ్గర పడింది. గుల్నాజ్ మెహరాజ్ అత్త తమ్ముడు అల్తాఫ్ కూతురు. ఆ ఇంటి ఆడపిల్లలందరూ పెళ్లినాడు ఇంటి నుంచి మండపానికి చిలకలోనే వెళ్లారు. అది వాళ్లకు ఆనవాయితీ అయిపోయింది. గుల్నాజ్ రోజూ మామకు ఫోను చేసేది.

"ఫూఫా, చిలక రాకుంటే నేను ఇల్లు కదిలేది లేదు. పెళ్లికొడుకును వాపసు పంపించేస్తా."

అత్త అంతకంటే గట్టిది. "ఇంగో పొద్దు సూస్తా, రెండు పొద్దులు సూస్తా. పెళ్లినాటికి ఆ కారు సక్కంగా లేకుంటే నేను బస్సులో పోతా. ఆమీద నా ప్రాణముండేదాకా దాంట్లో ఎక్కను."

"నాబ్ ఒకటే కదే, తెస్తాలే."

"నువ్వు తెచ్చేది నాకు తెలీదా? ముందు దానికి సలాం పెట్టాల, అది నీకు వాలేకుం సలాం అనాల!"

అత్తకు ఆ కారుతో ఉన్న లెక్క వేరు. అది మా వీధి చరిత్రలో పెద్ద ఘట్టం. గుల్నాజ్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అత్త పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు కూడా తీసుకుంది. ఒక సాయంత్రం, సెలవులకు వచ్చిన గుల్నాజ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. వీధి మలుపులో వెనక్కి తీయాల్సి వచ్చింది. రివర్సు అనుకుని వేసింది, ఫస్టు గేరు పడింది. చిలక నేరుగా పోయి ఆదిమూలం పుచ్చకాయల బండిని ముద్దుపెట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ కాయలన్నీ వీధి పల్లంలోకి దొర్లాయి. పగిలిన ప్రతి కాయా ఎర్రగా పకపకా నవ్వినట్టు ఉండింది. ముందు సీట్లో గుల్నాజ్ చప్పట్లు కొట్టి, మేనత్త కేసి తిరిగి, "ఇంకోసారి ఫుప్పూ!" అని అరిచింది.

అత్త దిగి, కొంగు సర్దుకుని, ఒకటే మాట అంది. "ఆ నాబ్ నా చేతికి పట్టదు. చెయ్యి జారిపోతాంది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది మెహరాజూ!" అంది మా అమ్మ. వీధి వీధంతా నవ్వింది. పగిలిన కాయలన్నీ మామ ఇంటింటికీ పంచాడు. జనం తింటూ మళ్లీ నవ్వారు. ఆ రోజు నుంచి అత్త స్టీరింగు ముట్టలేదు. ప్రతి ఎండాకాలం ఆదిమూలం మాత్రం ఆమె గుమ్మం ముందు ఆగి, "అక్కా, కారు లోపలుండాదా, బయటుండాదా? నా బండి యాడ పెట్టుకోవాల?" అని అడిగేవాడు. అత్త కూడా అందరితో కలిసి నవ్వేది. అయితే లైసెన్సును బీరువాలో చీరల అడుగున పెట్టింది. గడువు తీరినప్పుడల్లా మామే, "ఆధార్ కార్డు పోయినప్పుడు పనికొస్తాది పా" అని బతిమాలి రెన్యూ చేయించేవాడు.

సరే, నాబ్ సంగతి. నాకు రేణిగుంట గోడౌన్‌లో మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున ఖాళీ. కాబట్టి నా బైకు, దాని వెనక సీటు, నా ఓర్పు మూడూ మామకు దొరికాయి.

మొదట గురప్ప అంగడికి పోయాం. కార్లకు కావలసిన హంగులన్నీ అక్కడ దొరుకుతాయి. గోడ నిండా నాబ్‌లు. పుర్రె ఆకారంలో ఒకటి, గాజుగోళంలో గులాబీ పువ్వుతో ఒకటి, నీలం లైటు వెలిగేది ఒకటి, స్టీలువి, తోలువి.

"ఏ కారు భాయ్?" అన్నాడు గురప్ప.

"చిలక."

"కంపెనీ అడగతా ఉండానప్పా."

నేను చెప్పాను. గురప్ప బల్ల మీద నాబ్‌లు పరిచాడు. మామ స్టూలు మీద కూర్చుని, ఎడమ చెయ్యి చాచి, వేళ్లు సగానికి మడిచి, మొదటిదాన్ని అందుకున్నాడు.

"ఎడమ చేత్తో సలామా భాయ్?"

"గేరు ఎడమ పక్కన కదప్పా ఉండేది! దానికి అదే కుడి."

కళ్లు మూసుకున్నాడు. చెయ్యి ముందుకీ వెనక్కీ కదిలింది. నోటితో సన్నగా ఇంజను మోత మొదలైంది. కొండ మీద గుండు కొట్టించుకుని, నెత్తికి చందనం పూసుకుని వచ్చిన యాత్రికుడొకడు అద్దం తుడిచే గుడ్డ కోసం లోపలికి వచ్చి, ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నారండీ ఈయన?"

"తిరుచానూరు పోతా ఉండాడు. ఇప్పుడే రెండో గేరులో పడినాడు. పక్కకు జరగండి" అన్నాడు గురప్ప.

మామ కళ్లు తెరిచి తీర్పులు చెప్పసాగాడు. స్టీలుది ఎండకు కాలుతుంది, వాత పెట్టినట్టే. లైటుది వద్దు, మనిషి దాన్ని చూస్తాడా, రోడ్డు చూస్తాడా? పుర్రెతో చెయ్యి కలిపి ఉలిక్కిపడ్డాడు. "ఇది నా చెయ్యి వదలడం లేదు మునీ!" అన్నాడు నాకేసి తిరిగి. గులాబీ ఉన్న గాజుగోళాన్ని మాత్రం ముచ్చటగా చాలాసేపు పట్టుకుని, నిట్టూర్చి పెట్టేశాడు.

"జారతాది. చెయ్యి తడిగా ఉంటే?"

"నీ చెయ్యి ఎందుకు తడిగా ఉంటాది భాయ్? నువ్వుండేది దూదిలో కదా!"

"అంట్లు తోమి వచ్చినామనుకో."

"అంట్లు తోమి వచ్చి కారు తోలేదెవురప్పా?"

మామ గడ్డంలోంచి దూదిపింజ ఒకటి తీసి గాలిలోకి వదిలాడు. అది ఫ్యాను దాకా పోయింది.

గురప్పకు ఓపిక తీరింది. "పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు సూడరు భాయ్!"

"పెళ్లిచూపుల్లో చెయ్యి పట్టుకోనీరు కదా. అందుకే బిరీన అయిపోతాది."

ఆ వారమంతా ఇదే కథ. ఊళ్లో ఉన్న అంగళ్లన్నీ తిరిగాం. చివరికి మా బైకు మలుపు తిరగడం చూస్తే చాలు, అంగళ్లవాళ్లు భోజనాలకు షట్టర్లు దించేస్తున్నారు, పొద్దున టిఫిను వేళలో కూడా. ఈలోపు చిలక రాడ్డు మీదికి రకరకాల తలలు వచ్చి పోయాయి. ఒకరోజు టెన్నిసు బంతి, ఒకరోజు కొబ్బరి చిప్ప, ఒకరోజు మా అమ్మ సాంబ్రాణి బుడ్డి మూత, మరోరోజు ఏమీ దొరక్క వంకాయ. అది మార్కెట్టు దాకా పోయి వచ్చేసరికి సగం మెత్తబడిపోయింది. "ఇది కారా, కూరల బుట్టా?" అని అత్త తలుపు వేసుకుంది.

"మునీ, కొనే ముచ్చట అయిపోయింది. ఇంక చేయించాల" అన్నాడు మామ ఒక పొద్దున. చేతిలో చిన్న టిఫిను డబ్బా ఉంది. "బైకు పోనీ మాధవమాలకు."

మాధవమాల శ్రీకాళహస్తి దారిలో ఉంటుంది. కొయ్యతో దేవుళ్లను చెక్కే ఊరు. ఏర్పేడు దగ్గర టీ కోసం ఆగాం. నాకు ఆకలేసింది. మామ చూడకుండా డబ్బా మూత తీశాను. లోపల రొట్టెలు లేవు. పచ్చి గోధుమపిండి ముద్ద ఒకటుంది. దాని మీద ఎవరో గట్టిగా పట్టుకుని వదిలినట్టు వేళ్ల గుర్తులు.

"తినొద్దు రా!" మామ టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు.

"పచ్చిపిండి ఎవురు తింటారు మామా? ఏంది ఇది?"

"నమూనా. చెయ్యి నమూనా."

"నీ చెయ్యేనా? మరీ ఇంత చిన్నదిగా ఉండాదే?"

మామ ఏర్పేడు ఆకాశంలోకి చూశాడు. "పిండి ఎండితే ముడుచుకుంటాది కదా మునీ."

పిండి శాస్త్రం నాకు తెలియదు. నమ్మాను. అక్కడి నుంచి దారి పొడుగునా, చీమలు పట్టకుండా ఆయన డబ్బాలోకి ఊదుతూనే ఉన్నాడు. సగం గాలి పిండికి, సగం గాలి నా వీపుకు తగిలింది.

బొమ్మలు చెక్కే వెంకటముని ఇంటి పంచలో, కొయ్యలోంచి సగమే బయటికి వచ్చిన దేవుళ్లు నిలబడి ఉన్నారు. స్నానం మధ్యలో ఎవరో పిలిస్తే వచ్చినట్టుంది వాళ్ల వాలకం. ఆయన ఉలి పక్కన పెట్టి, "ఏ సామి కావాల?" అన్నాడు.

"సామి కాదప్పా. గేరు నాబ్."

వెంకటముని తన వృత్తిలో అడగాల్సిన తర్వాతి ప్రశ్న అలవాటుగా అడిగేశాడు. "ఎన్ని చేతులు?"

"ఒకటే చెయ్యి. అది కూడా మాదే."

వేప కొయ్య తీసుకున్నాడు. మేము మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మొదటి నాబ్ వచ్చింది. అడుగున చక్కటి పద్మపీఠంతో వచ్చింది.

"ఈ రేకులెందుకప్పా?"

"పీఠం లేకుండా నా చెయ్యి ఊరుకోదు భాయ్. అలవాటు."

రెండోదానికి పీఠం లేదు గానీ, పైన చిన్న కిరీటం ఉంది. మామ ఎడమ చేతి వేళ్లు మడిచి, పట్టుకుని, కళ్లు మూసి తెరిచాడు. "ఇది చెయ్యి కలపడం లేదప్పా. నన్ను దీవిస్తా ఉండాది."

మూడోదాన్ని వెంకటముని పిండిముద్దను ఎదురుగా పెట్టుకుని, దేవుళ్లకు వీపు తిప్పి కూర్చుని చెక్కాడు. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది. మెత్తటి చిన్న చిన్న పల్లాలు. మామ దాన్ని అందుకుని కళ్లు మూసుకున్నాడు. కొయ్య పొట్టు మీద ఎండ జరిగి కూర్చుంది. ఆయన ముఖంలోకి నవ్వు మెల్లగా, ఎక్కడో దూరం నుంచి నడిచి వచ్చినట్టు వచ్చింది.

"వాలేకుం సలాం" అన్నాడు నాబ్‌తో.

మర వేయించి జేబులో పెట్టుకున్నాడు. పెళ్లి ముందురోజు టెన్నిసు బంతి మీదనే చిత్తూరు చేరాం. మా అమ్మ వచ్చింది, ఆదిమూలం వచ్చాడు, వీధిలో సగం మంది వచ్చారు. పెళ్లి పొద్దున అల్తాఫ్ ఇంటి ముందు చిలకకు పూలు కట్టారు. మామ టెన్నిసు బంతి పీకేసి, వేప నాబ్ బిగించాడు. నేను వంగి పట్టుకుని చూశాను. నా చేతికే అది చాలలేదు.

"మామా! ఇంత తిప్పించి, కడాకు తప్పు సైజు చేయించినావు! ఇది నీ చేతికి యాడ పట్టతాది?"

"అవునా?" అన్నాడు మామ. ఆ ముఖంలో అంత అమాయకత్వం నేనెప్పుడూ చూడలేదు. అనుమానించి ఉండాల్సింది.

గుల్నాజ్ మెరుస్తున్న దుపట్టా కింద తల వంచుకుని వెనక సీట్లో కూర్చుంది. పక్కన అత్త. మండపం రెండు వీధుల అవతల. అల్తాఫ్ గడియారం చూసుకుంటూ, "కానీ బావా, ఆలస్యమవతాంది" అన్నాడు. మామ తాళం తిప్పాడు. జాడీ మూతంత చెయ్యి నాబ్ మీద వేశాడు. నాబ్ ఆ చేతిలో ఎక్కడుందో తెలియలేదు. కర్రుమంది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ కర్రుమంది, మళ్లీ ఆగింది.

మామ వెనక్కి తిరిగి, వీధంతా వినబడేటట్టు చెప్పాడు. "మెహరాజ్, ఈ నాబ్ నా చేతికి పట్టదు. చెయ్యి జారిపోతాంది."

జనం గొల్లుమన్నారు. మా అమ్మ అలవాటుగా, "ఆడలేక మద్దెల..." అని మొదలుపెట్టి, ఈ మాట ఎక్కడో అన్నట్టుందే అని మధ్యలో ఆగింది.

"మద్దెల నిజంగానే ఓటిదేమో శకుంతలమ్మా! ఎవురన్నా వాయించి సూసినారా?" అన్నాడు మామ.

"దిగు బావా, నేను తోలతా" అని అల్తాఫ్ ముందుకొచ్చాడు.

"నీ చెయ్యి నా చెయ్యి కంటే లావు. నువ్వు ఊరకుండు."

అప్పుడు దుపట్టా కింది నుంచి గొంతు వినిపించింది.

"ఇంకోసారి ఫుప్పూ!"

అత్త అదిరిపడింది. "నేనా? ఎన్నేళ్లాయె! నాకేం గుర్తుండాది?" అంది. చివరికి తిట్టుకుంటూ దిగింది. "ఒక నాబ్ తెమ్మంటే జిల్లా అంతా తిరిగి వచ్చి... జరుగు, సూస్తా" అంటూ డ్రైవరు సీట్లో కూర్చుని, విసురుగా ఎడమ చెయ్యి నాబ్ మీద వేసింది.

వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. వేళ్లు ఒక్కొక్కటీ, పిల్లలు ఎవరి మంచం మీదికి వాళ్లు ఎక్కినట్టు, ఆ పల్లాల్లో సర్దుకున్నాయి. ఆమె చేతిని చూసుకుంది. తర్వాత కిటికీ పక్కన నిలబడిన మామను చూసింది.

"ఏమయ్యా, ఆ పొద్దు రొట్టెల పిండి ఇచ్చి, దిష్టి తీయాల, ఎడమ చేత్తో గట్టిగా పిసుకు అంటివే..."

"దిష్టి పోయిందా లేదా?" అన్నాడు మామ.

అత్త పెదాలు బిగించింది, నవ్వు బయటపడకుండా. క్లచ్చి తొక్కింది. గేరు వెన్నలో కత్తి దిగినట్టు పడింది. జనంలోంచి ఆదిమూలం కేకేశాడు.

"ధైర్యంగా తోలక్కా! నా బండి తిరుపతిలోనే వదిలేసి వచ్చినా!"

చిలక కదిలింది. ఫస్టు గేరు, ఆ తర్వాత సెకండు. చుట్టాలు పక్కన నడుస్తుంటే, వాళ్లలో ముసలివాళ్లు కూడా దాన్ని దాటిపోతున్నారు. ఎవరికీ తొందర లేదు. అసలు పరీక్ష మండపం గేటు దగ్గర ఎదురైంది. రెండు వ్యాన్ల మధ్యలోకి కారును వెనక్కి తీసి నిలపాలి. రివర్సు. పుచ్చకాయల నాడు మోసం చేసిన గేరు. మా అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అత్త నాబ్‌ను నొక్కి, పక్కకు తోసి, వెనక్కి లాగింది. చిలక తోక ముందుగా, ముద్దుగా, తన గూట్లోకి తాను వెళ్లినట్టు వ్యాన్ల మధ్య ఒదిగింది. గుల్నాజ్ గోరింటాకు చేతులతో చప్పట్లు కొట్టింది. పెళ్లికూతురు అట్లా కొట్టకూడదని ఎవరో అన్నారు గానీ, అన్నవాళ్లు కూడా కొడుతూనే అన్నారు.

బిరియానీ తింటూ మామ చెయ్యి చూస్తున్నాను. నాకప్పుడు వెలిగింది. ఆ వేళ్లను సగానికి మడిస్తే ఆయన చెయ్యి సరిగ్గా అత్త చెయ్యంత అవుతుంది. ఇన్నేళ్లూ అంగళ్లలో చీపుర్లతో, పెనాలతో, గొడుగులతో చెయ్యి కలిపింది మామ కాదు. అత్త.

"ఒక మాట చెప్పుంటే అయిపోవును కదా మామా?"

"ఏమని చెప్పేది? ఆ పొద్దు ఆయమ్మ నాబ్ పట్టదు అనింది, అందురూ నవ్వినారు. కాయలన్నీ పంచి ఇంటికి పోయి, వేళ్లు మడిచి నేను పట్టి సూసినా." మామ ఎముక పక్కన పెట్టాడు. "నిజంగానే పట్టలేదు మునీ."

"మరి ఇన్నేళ్లు ఎందుకు ఆగినావు? అప్పుడే మార్చేసుంటే సరి కదా!"

"మంచిగుండే వస్తువును పీకి పారేస్తే మీ అత్త ఊరుకుంటాదా? అది ఊడితే కదా కొత్తది పెట్టేది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ కంపెనీవోళ్లు బిగించినారు సూడు, ఊడనంటే ఊడదు. నేను రోజూ కాసంత, కాసంత తిప్పతానే ఉంటి."

లడ్డు అనుకుని కళ్లకద్దుకున్న కానిస్టేబుల్ గుర్తొచ్చి నాకు పొలమారింది.

ఇప్పుడు చిలక పూర్తిగా అత్తది. మామ చేతికి ఆ నాబ్ పట్టదు కాబట్టి ఆయన వెనక సీట్లో, దూదిమూటల మధ్య ఇంకో మూటలా కూర్చుంటున్నాడు. అత్త మూడో గేరు దాటి నాలుగోదానికి వచ్చింది. మొన్న చంద్రగిరి రోడ్డు మీద ఐదోది కూడా వేసిందట. ఆ మరునాడే మామ నన్ను మళ్లీ గురప్ప అంగడికి తీసుకుపోయాడు. మమ్మల్ని చూడగానే గురప్ప షట్టరు మీద చెయ్యి వేశాడు.

"మళ్లీ నాబ్ అంటే నేను ఊరు వదిలి పోతా భాయ్!"

"నాబ్ కాదప్పా. వెనక సీటు మీద, పైన పట్టుకునేదానికి పిడి ఉంటాది సూడు, అది కావాల. గట్టిది."

గురప్ప అనుమానంగా పిడి ఒకటి తీసి ముందుకు చాపాడు. మామ వంగాడు, మర్యాదగా కళ్లు మూసుకున్నాడు. అయితే ఈసారి వేళ్లు మడవలేదు. జాడీ మూతంత చేతిని అయిదు వేళ్లతో సహా చాపి, పిడిని బిగించి పట్టుకున్నాడు. పట్టుకున్నది వదలనే లేదు.

"ఇది ఎవురి చేతికి భాయ్?" అన్నాడు గురప్ప.

"ఇది నాకేనప్పా. తోలేది ఆయమ్మ కదా!"